అమ్మన్న కొట్టని తలుపు

దిబ్బరేవులో సూర్యుడు మొట్టమొదటిసారి ఉదయించింది బిలాస్‌పూర్ రైల్వే కాలనీ అమ్మన్న చేతి మీదుగా. అంతకుముందు ఆ సముద్రపు ఊరికి పొద్దుపొడుపే లేదు. రాత్రి ఉండేది, ఆ తర్వాత మాడ్చేసే ఎండ ఉండేది, మధ్యలో ఏమీ ఉండేది కాదు.

సరే, ఈ మాట కాస్త వెనక్కి తీసుకోక తప్పదు. సైన్సు చదువుకున్నవాళ్లు ఉంటారు, కొట్లాటకొస్తారు. సూర్యుడు అంతకుముందు కూడా వచ్చేవాడే. కాకపోతే అక్కడ ఆగేవాడు కాదు. చిన్న స్టేషన్ మీదుగా మెయిలు బండి దూసుకుపోయినట్టు పోయేవాడు. ఎక్కేవాడు లేడు, దిగేవాడు లేడు, చెయ్యి ఊపేవాడు లేడు. ఆ బండికి దిబ్బరేవులో హాల్టు ఇప్పించినవాడు అమ్మన్న. ఇక్కణ్ణుంచి ఒక్క మాట కూడా తగ్గించేది లేదు.

విజయనగరంలో రైలు దిగి బస్సెక్కి, జీడితోటలు దాటి, సరుగుడు తోపులు దాటి, రోడ్డు ఇసుకలో కూరుకుపోయే చోట దిగితే అదే దిబ్బరేవు. ఒకప్పుడు జాలర్ల గుడిసెలూ, ఉప్పుగాలికి పెచ్చులూడిన చిన్న గుడీ, ఎండు చేపల వాసనా తప్ప మరేమీ లేని చోటు. ఇప్పుడు సముద్రం కనబడాలంటే లాడ్జీల మధ్య సందు వెతుక్కోవాలి. మొక్కజొన్న కండెలు కాల్చేవాళ్లు, గవ్వల దండలు అమ్మేవాళ్లు, పిల్లల్ని గుర్రమెక్కించి తిప్పేవాళ్లు. రాయపూర్ నుంచీ భిలాయ్ నుంచీ కూడా జనం వస్తారు. వాళ్లు వచ్చేది సముద్రం కోసం కాదు, సముద్రం పూరీలోనూ ఉంది. తెల్లవారుజామున జరిగే తమాషా కోసం వస్తారు.

ఇంకా చీకటి విడవకముందే ప్రతి లాడ్జీలోనూ ఒక మనిషి కర్ర పట్టుకుని బయల్దేరతాడు. తలుపు తలుపూ కొట్టి "డ్యూటీ! డ్యూటీ!" అని కేక పెడతాడు. లోపలివాళ్లు "ఆఁ, లేచాం" అంటే వినడు. తలుపు తియ్యాలి. రెండు కాళ్లూ నేల మీద ఆనించి నిలబడాలి. తన పేరు తానే చెప్పాలి. అప్పుడు గానీ పక్క గదికి పోడు. అలా లేచినవాళ్లంతా కళ్లు నులుముకుంటూ ఒడ్డుకు పోయి, జాలర్లతో కలిసి పెద్ద వల లాగుతారు. వల ఒడ్డుకొచ్చే వేళకి ఎర్రగా సూర్యుడూ వస్తాడు. లాగినవాళ్లకి చేపల్లో వాటా ఉంటుంది. అక్కడే వేయించి పెడతారు.

డ్యూటీ ఏమిటని అడిగితే కర్ర పట్టుకున్న మనిషికి తెలియదు. తాతల నాటి ఆచారం అంటాడు. ఇంకో వింత కూడా ఉంది. ఏ లాడ్జీలోనైనా సరే, తూర్పు మూల గది తలుపు మాత్రం కొట్టరు. దాని ముందు నుంచి చెప్పులు చేత్తో పట్టుకుని, పిల్లిలా నడిచి పోతారు. ఎందుకని అడిగితే ఒకడు ఆ గదిలో దొర ఆత్మ ఉందంటాడు, ఇంకొకడు వాస్తు అంటాడు. దొర ఎప్పుడూ ఆ ఊరు రాలేదు. వాస్తుకీ చెప్పులకీ సంబంధమేమిటో వాస్తువాళ్లకే తెలియాలి.

అసలు సంగతి అక్కడికి రాత్రంతా రైలు ప్రయాణమంత దూరంలో, బిలాస్‌పూర్‌లో, లాల్‌ఖదాన్ పట్టాల పక్కన మునగచెట్టున్న ఇంట్లో ఉంది.

అమ్మన్న రైల్వేలో కాల్‌బాయ్. బాయ్ అన్నారు కదా అని కుర్రాడనుకోకూడదు. ఆ ఉద్యోగంలో మీసాలు నెరిసి, పళ్లు కదిలి, రిటైరయ్యేదాకా మనిషి బాయ్‌గానే ఉంటాడు. పని ఒక్కటే. బండి నడపాల్సిన డ్రైవర్నీ గార్డునీ ఇంటికెళ్లి లేపడం. ఇప్పుడంటే ఆ పని ఫోన్లు చేస్తున్నాయి. అప్పుడు అమ్మన్నే చేసేవాడు. సైకిలు హ్యాండిలుకి లాంతరు కట్టి, చేతిలో వెదురు కర్రతో, శీతాకాలం మఫ్లరు చుట్టుకుని, వానాకాలం గోనెసంచి కప్పుకుని, కాలనీ అంతా తిరిగేవాడు.

తలుపు కొట్టడంలో అమ్మన్నకి ఉన్న విద్య సంగీత విద్వాంసులకి కూడా లేదు. గాఢనిద్రవాడికో దెబ్బ, తాగి పడుకున్నవాడికో దెబ్బ, మెలకువగా ఉండి కూడా పలకనివాడికి ఇంకో దెబ్బ. భార్యా పిల్లలూ కదలకుండా భర్త ఒక్కణ్ణే లేపే దెబ్బ కూడా అతని దగ్గర ఉండేది. ఒకసారి చనిపోయిన డ్రైవర్ని కూడా లేపాడు. ఇంటివాళ్లు ఏడుస్తూంటే అమ్మన్న వెళ్లి కర్రతో తట్టాడట. ఆయన లేచి, రెండు కాళ్లూ నేల మీద పెట్టి, పేరు చెప్పి, మళ్లీ పడుకుని చచ్చిపోయాడట. నిజానికి ఆయనకి చలిజ్వరం, అంతే. పేరు చెప్పిన మాట మాత్రం నిజం.

పేరు చెప్పించకుండా అమ్మన్న కదిలేవాడు కాదు. నిద్రలో మనిషి "లేచాను" అంటాడు, "వస్తున్నాను" అంటాడు, "అచ్ఛా" అంటాడు. తన పేరు మాత్రం మెలకువ వస్తే గానీ చెప్పడని అమ్మన్న సిద్ధాంతం.

ఇంత విద్య ఉన్నవాణ్ణి చూసి సంతోషించిన మనిషి కాలనీలో ఒక్కడూ లేడు. ఎవరు సంతోషిస్తారు? వెచ్చటి దుప్పట్లోంచి మనిషిని లాగి ఇంజను మీదకి పంపేవాడాయె. తిట్టేవాళ్లు. చెంబు విసిరేవాళ్లు. పాలు తాగని పిల్లల్ని "అమ్మన్న వస్తాడు" అని భయపెట్టేవాళ్లు. పగటిపూట బజార్లో ఎదురైతే డ్రైవర్లు ఉలిక్కిపడి వాచీ చూసుకునేవాళ్లు. కనకాన్ని పెళ్లిచూపులు చూడటానికి పోయినప్పుడు కూడా అలవాటు కొద్దీ చీకటుండగానే పోయి తలుపు తట్టాడు. డ్రైవరైన కాబోయే మామగారు గభాల్న లేచి, పేరు చెప్పి, యూనిఫాం తొడుక్కుని, భోజనం డబ్బా అందుకున్నాక గానీ వచ్చింది పెళ్లికొడుకని గుర్తుపట్టలేదు.

అతనికో కోరిక ఉండేది. ఎంతమందిని లేపి ఎన్ని బళ్లెక్కించాడో లెక్కలేదు గానీ, తను మాత్రం ఏనాడూ కనకం పక్కన కిటికీ దగ్గర కూర్చుని, పులిహోర పొట్లం విప్పుకుని, తీరిగ్గా ఒక ప్రయాణం చేసి ఎరగడు. సెలవు దొరికితే డబ్బు ఉండేది కాదు, డబ్బుంటే సెలవు ఉండేది కాదు. రిటైరయ్యాక ఉచిత ప్రయాణానికి పాసు వచ్చింది. అందులో తన పేరూ, భార్య పేరూ. దాన్ని దేవుడి పటం వెనక పెట్టుకుని రోజుకోసారి చూసుకునేవాడు.

కానీ మనిషి రిటైరయ్యాడు గానీ చెయ్యి రిటైరవలేదు. రోజూ ఆ వేళకి దానంతటది లేచి ఎవరో ఒకరి తలుపు వెతికేది. తఖత్‌పూర్‌లో ఏదో పెళ్లికి వెళ్తే, విడిదిలో మగపెళ్లివారినందర్నీ లేపేశాడు. ముహూర్తం మర్నాడు రాత్రికి. వాళ్లు చన్నీళ్లు పోసుకుని, పట్టుబట్టలు కట్టుకుని, కాఫీ కూడా లేకుండా గజగజ వణుకుతూ కూర్చున్నారు. ఎవడు లేపాడని గొడవైతే అమ్మన్న నలుగురిలోకీ వచ్చి ఛాతీ విరుచుకుని, "నానే లేపినాను!" అన్నాడు.

ఇంటికొచ్చాక కనకం కొంగు బిగించింది.

"ఏటయ్యా, నీకు బుద్ధుందా లేదా? పెళ్లయిన కాణ్ణుంచీ పొద్దెక్కేదాకా ఒక్క రోజైనా నన్ను తొంగోనిచ్చినావా? నా బతుకంతా నీ సైకిలు గంటే! ఇప్పుడు ఊరోళ్ల నిద్ర కూడానా?"

"అలవాటైపోనాదే..."

"పైడితల్లి తోడు! ‘నానే లేపినాను’ అనే మాట ఇంకొక్కసారి నీ నోట విన్నానా, బతికున్నంతకాలం నీతో రైలెక్కను. ఆ పాసులో నా పేరు కొట్టించేసుకో!"

విజయనగరంవాళ్లకి పైడితల్లి మీద ఒట్టంటే ఒట్టే. దాన్ని తీసి గట్టున పెట్టడం ఉండదు. అమ్మన్న దేవుడి పటం వెనక పాసు తడిమి చూసుకున్నాడు. ఎవరినీ లేపనని తనూ మాటిచ్చాడు.

ఆ చలికాలంలోనే దిబ్బరేవు ప్రయాణం. కనకం పుట్టింది ఆ పక్క సముద్రపు ఊళ్లోనే. తండ్రి ఉద్యోగం కొద్దీ చిన్నప్పుడే బిలాస్‌పూర్ వచ్చాక కెరటాల చప్పుడు వినలేదు. "సముద్రం ఒడ్డున పొద్దెక్కేదాకా ఒక్కసారి తొంగోవాల. అది చాలు నాకు" అంది. ఆ కోరిక విన్న త్రినాథరావు తనూ వస్తానన్నాడు. త్రినాథరావు గూడ్సు బళ్ల డ్రైవరుగా చేసి రిటైరైనవాడు, అమ్మన్నని అందరికంటే ఎక్కువ తిట్టినవాడు, అందుకే అందరికంటే దగ్గరి స్నేహితుడు. ఇంకో రెండు మూడు రైల్వే కుటుంబాలు తోడయ్యాయి.

అప్పటికి దిబ్బరేవులో ఉన్నది ఒక్కటే లాడ్జీ. శాంతాదేవి అనే రిటైరైన పంతులమ్మ కట్టించింది. గులాబీ రంగు సున్నం, ముందు బావి, వరసగా గదులు. పాపం, వచ్చినవాళ్లు సాయంత్రం బస్సు దిగి, అలిసిపోయి పడుకుని, తొమ్మిదింటికి లేచేవాళ్లు. అప్పటికి ఇసుక మీద కాలు పెడితే బొబ్బలెక్కేది. "ఏముందండీ ఇక్కడ, ఉత్తి నీళ్లు" అని తిరుగు బస్సెక్కేసేవాళ్లు. ఆమె విసిగిపోయి, రొయ్యపిల్లల హేచరీ పెట్టుకుంటానన్న ఒకాయనకి భవనం ఇచ్చెయ్యడానికి ఒప్పుకుంది. ఆయన ఆ మర్నాడే వచ్చి చూసుకుని పోతానన్నాడు.

"ఇవాళ్టితో మీరే మా ఆఖరి చుట్టాలు" అంటూ బిలాస్‌పూర్ వాళ్లకి తాళం చెవులిచ్చింది శాంతాదేవి. తూర్పు మూల గది అమ్మన్నకీ కనకానికీ వచ్చింది.

కనకం సముద్రం వైపు కిటికీ తన చేత్తో బార్లా తెరిచింది. తర్వాత తన కొంగు చివర అమ్మన్న మణికట్టుకి కట్టి ముడి వేసింది.

"ఇదేటే, గేదెలాగ?"

"గేదైతే కట్టకపోయినా పడుంటాది. మూసుకుని తొంగో."

చాలాసేపు కెరటాలు వింటూ పడుకుంది. వింటూనే నిద్రపోయింది. అమ్మన్నకి ఆమె మొహం చూస్తే చిన్నపిల్లలా కనబడింది. పైడితల్లీ, నా చెయ్యి నువ్వే పట్టుకో అని దండం పెట్టుకుని తనూ పడుకున్నాడు.

పైడితల్లికి వేరే పనేదో పడినట్టుంది. తెల్లారగట్ట, రోజూ లేచే వేళకే, అమ్మన్నకి మెలకువ వచ్చింది. సగం మెలకువే. చెవుల్లో హోరు. షెడ్డులో ఇంజను ఆవిరి వదులుతున్నట్టే ఉంది. కిటికీలోంచి చూస్తే చీకట్లో దూరంగా ఒక దీపం. ఎవరో దాన్ని అడ్డంగా, గట్టిగా, విసిరి విసిరి ఊపుతున్నారు. రైల్వేలో పుట్టి పెరిగినవాడికి చీకట్లో దీపం అలా ఊగితే ఒకటే అర్థం. ప్రమాదం! బండి ఆగిపోయింది. ఎందుకాగింది? మనుషుల్లేక. మనుషులెక్కడున్నారు? ఇళ్లల్లో నిద్రపోతున్నారు. వాళ్లని లేపాల్సినవాడెవడు?

ఇంకొకడైతే మంచినీళ్లు తాగి పడుకునేవాడు. అమ్మన్న చెయ్యి అప్పటికే మణికట్టు ముడి విప్పేస్తోంది.

కొంగు కొస తీసి మంచం కోడుకి కట్టాడు. కర్ర లేదు, శాంతాదేవి దూలం మీద పెట్టిన గొడుగు దొరికింది. గుమ్మం దాటబోతూ వెనక్కి చూశాడు. కనకం పక్కకి ఒత్తిగిలింది. కాసేపట్లో ఈ లాడ్జీ అంతా గోలగోలవుతుందని ఇంత గందరగోళంలోనూ అతనికి తట్టింది. వెనక్కొచ్చి, ఆమె తెరిచిన కిటికీ చప్పుడు కాకుండా మూశాడు. తలుపు దగ్గరగా వేశాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ గది గోడ దాటేదాకా పిల్లిలా నడిచి, అప్పుడు తొడుక్కున్నాడు.

ఆ తర్వాత మొదలైంది.

"డ్యూటీ! డ్యూటీ! బేగి లెగండి! బండి ఆగిపోనాది!"

త్రినాథరావు గదిలో ధడేల్మని చప్పుడైంది. అతను ఉలిక్కిపడి లేచి, రెండు కాళ్లూ నేల మీద ఆనించి, "త్రినాథరావు, గూడ్స్!" అని అరిచాడు. రిటైరైన సంగతి లుంగీ మీద బెల్టు బిగించుకున్నాక గానీ గుర్తురాలేదు. రైల్వేవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు పేర్లు చెబుతూ బయటికొచ్చారు. రైల్వేతో సంబంధం లేని బ్యాంకు మేనేజరొకాయన పై గదిలో ఉన్నాడు. "నేను ఏ బండీ ఎక్కాల్సింది లేదయ్యా" అన్నాడు లోపల్నుంచి. "పేరు సెప్పండి ముందు!" అన్నాడు అమ్మన్న. ఆ గొంతు విని ఆయన పేరు, హోదా, బ్రాంచితో సహా చెప్పి, మఫ్లరు చుట్టుకుని భార్యతో కిందకొచ్చాడు. లాడ్జీ అయిపోయాక అమ్మన్న పాలెంలోకి పోయాడు. జాలర్ల గుడిసెలు, గుడి పూజారి, టీ కొట్టు, ఎవర్నీ వదల్లేదు. ఊళ్లో కోళ్లు కూడా లేచి వరసగా నిలబడ్డాయంటారు. అదొక్కటీ త్రినాథరావు కలిపింది.

జనమంతా దీపం వైపు పరుగెత్తారు. అక్కడ రైలు లేదు, పట్టాలు లేవు. ఒడ్డున జాలర్లు వల లాగుతున్నారు. సముద్రంలోకి అర్ధచంద్రంలా వేసి, రెండు కొసలూ ఒడ్డు నుంచి తాళ్లతో లాగే పెద్ద వల. ఆ వేళ అది ఎన్నడూ లేనంత బరువెక్కింది. సగంమంది మగవాళ్లు పక్క ఊరి జాతరకి పోయారు. ఉన్నవాళ్ల బలం చాలక తాళ్లు చేతుల్లోంచి జారిపోతున్నాయి. ఎవడైనా చూసి రాకపోతాడా అని ఒకడు లాంతరు ఊపుతున్నాడు.

"సూస్తారేటి! పట్టండి బాబూ!" అని అరిచాడు లాంతరువాడు.

పట్టారు. డ్రైవర్లు పట్టారు, గార్డులు పట్టారు, పూజారి పట్టాడు. బ్యాంకు మేనేజరు భార్య చీర ఎగ్గట్టి ఆయన కంటే ముందు పట్టింది. "ఐలేసా" అని జాలర్లంటే "జోర్ లగా కే" అని బిలాస్‌పూర్ వాళ్లన్నారు. వల ఇసుక మీదకొచ్చి వెండి కుప్పలా మెరిసింది. ఎందుకిలా మెరుస్తోందా అని తలెత్తితే ఎదురుగా, నీళ్లలోంచి, కుంకుమ రాసిన రాగి చెంబంత సూర్యుడు పైకొస్తున్నాడు. అందరూ తాళ్లు వదిలేసి నిలబడ్డారు. దిబ్బరేవులో పుట్టి ముసలైన పూజారి కూడా నోరు తెరిచి చూశాడు. రోజూ ఆ వేళకి ఆయన గురకలో ఉండేవాడు మరి.

చూసినంతసేపు చూశారు. తర్వాత అందరికీ ఒకేసారి కోపం వచ్చింది. అసలు లేపిందెవడు?

అప్పటికి అమ్మన్నకి పూర్తిగా మెలకువ వచ్చింది. ఇచ్చిన మాట, పైడితల్లి ఒట్టు, దేవుడి పటం వెనక పాసు, అన్నీ ఒక్కసారే కళ్ల ముందుకొచ్చాయి. సరుగుడు తోపులోంచి అడ్డంగా పరుగెత్తి, చెప్పులు చేత్తో పట్టుకుని, గదిలో దూరాడు. కనకం ఇంకా నిద్రపోతోంది. మంచం కోడు నుంచి కొంగు విప్పి, తన మణికట్టుకి కట్టుకుని, కళ్లు మూసి గురక పెట్టాడు.

త్రినాథరావు తలుపు తోసుకుని వచ్చాడు. వెనక శాంతాదేవీ, ఇంకో పదిమందీ.

"ఒరే అమ్మన్నా! దొంగ గురక ఆపు! నువ్వే కదరా లేపింది?"

కనకం కళ్లు తెరిచింది. గది నిండా వెలుతురు. పొద్దెక్కింది. ముందు మూసున్న కిటికీ వైపు చూసింది. తర్వాత అమ్మన్న మణికట్టు చూసింది. కనకం వేసింది మామూలు రెండు చుట్ల ముడి. ఇప్పుడక్కడ ఉన్నది లాగినకొద్దీ బిగుసుకునే ముడి. లాంతరుని సైకిలు హ్యాండిలుకి కట్టే ముడి. పెళ్లయిన కాణ్ణుంచీ ప్రతి తెల్లారగట్టా ఆమె చూసిన ముడి అదే.

అమ్మన్న ఒక కన్ను కొద్దిగా తెరిచి ఆమె మొహం చూశాడు. అతని ప్రాణం ఆ ముడి మీద ఉంది.

"ఈయనా?" అంది కనకం ఆవులిస్తూ. "ఈయన కదల్లేదు బావా. ఇదిగో, నాను కట్టిన ముడి కట్టినట్టే ఉన్నాది."

త్రినాథరావు ముడినీ ఆమెనీ మార్చి మార్చి చూసి బయటికి నడిచాడు. శాంతాదేవి మాత్రం గుమ్మంలో కాసేపు నిలబడింది. తెల్లారగట్ట బావి దగ్గర నీళ్లు తోడుతూ ఆమె ఒకటి చూసింది. ఒక మనిషి చెప్పులు చేత పట్టుకుని ఈ గది ముందు నుంచి ఎలా నడిచాడో చూసింది. తలుపు మెల్లగా దగ్గరకి వేసి పోయింది.

అందరూ పోయాక కనకం ముడి విప్పుతూ, "కిటికీ తియ్యి, సముద్రం ఇనబడతాది" అంది. ఇంకాసేపటికి, "మళ్లీ ఏడు కూడా ఈ గదే అడుగు" అంది. అంతకుమించి ఆనాడూ అనలేదు, ఈనాటివరకూ అనలేదు. అతనూ అడగలేదు.

రొయ్యల ఆసామి ఆ పూట వచ్చేసరికి లాడ్జీ ముందు జనం చేపలు వేయించుకుంటున్నారు. బ్యాంకు మేనేజరు ఇంకో రెండు రోజులుంటానన్నాడు. "రేపు కూడా ఎవరైనా లేపుతారా?" అని అడిగింది ఆయన భార్య. అందరూ అమ్మన్న వైపు చూస్తే అమ్మన్న ఆకాశంలోకి చూశాడు. శాంతాదేవి తన కాపలాదారు సూర్యాన్ని పిలిచి, చేతికి కర్రిచ్చి, ఎలా కొట్టాలో, ఏమని అరవాలో, పేరు ఎలా చెప్పించాలో నేర్పింది. "ఆ మూల గది మాత్రం కొట్టకు. చెప్పులు చేత్తో పట్టుకుని దాటు" అంది. ఎందుకో చెప్పలేదు. సూర్యం అడగలేదు.

ఆ ఏడు కాకపోతే మరుసటి ఏడు పక్కన ఇంకో లాడ్జీ లేచింది. ఆ తర్వాత వరసగా లేచాయి. పరీక్షలో పక్కవాడి కాగితం చూసి రాసేవాడు వాడి సిరామరక కూడా దించినట్టు, అందరూ శాంతాదేవి పద్ధతే దించేశారు, తూర్పు మూల గదితో సహా. దిబ్బరేవు చరిత్ర అంటే ఇంతే. మిగతాదంతా సిమెంటు.

ఇది జరిగి పాతికేళ్లు కావస్తోంది. మొన్న ఆదివారం లాల్‌ఖదాన్‌లో మునగచెట్టు ఇంటి ముందు ఆటో ఆగింది. దిగిన అమ్మాయి పేరు స్వాతి, శాంతాదేవి మనవరాలు. నాన్నమ్మ పోయాక ఈ మధ్యే ఆ లాడ్జీ ఆమె చేతికొచ్చింది. ఊరి సంగతులన్నీ లాడ్జీ గోడ మీద బొమ్మలుగా వేయించాలని తిరుగుతోందట. జీడిపప్పు పొట్లం తెచ్చి కనకం చేతికిచ్చింది. ఇద్దరికీ వంగి దండం పెట్టింది.

"తాతగారూ, మా ఊరు మీ వల్లే బతికిందని నాన్నమ్మ చెప్పేది. మీకు దండం పెట్టి రావాలనే ఇంత దూరం వచ్చాను."

అమ్మన్న లేచి నిలబడి భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. జన్మంతా తిట్లు తప్ప దండం ఎరగని మనిషి. వాకిట్లో కనకం లాల్‌భాజీ, అదే ఎర్ర తోటకూర, ఆకు ఏరుతోంది. అరుగు మీద సర్దిన పెట్టె ఉంది. ఆ రాత్రి బండికే ఇద్దరికీ రిజర్వేషన్. ఈ ఏటి పాసు, అదే మూల గది.

పక్కింటి నుంచి త్రినాథరావు అప్పుడే వచ్చి కుర్చీ లాక్కున్నాడు. ఈ కథంతా, తనకి తెలిసినంతలో పైన చెప్పినట్టే, ఇంకాస్త ఉప్పూకారం వేసి, కోళ్లతో సహా చెప్పాడు. స్వాతి కళ్లార్పకుండా విన్నది.

"ఒప్పుకోరా! గోడ మీద నీ బొమ్మ ఏయిస్తారట! మీసాలతో సహా!"

"బొమ్మ సంగతి తర్వాత. ఆ మూల గది తలుపు ఎందుకు కొట్టలేదో అది చెప్పండి చాలు, తాతగారూ" అంది స్వాతి. "పోయేముందు నాన్నమ్మని అడిగితే, బిలాస్‌పూర్ వాళ్లనే అడగమంది."

కనకం చేతిలో ఆకు ఆగింది. తలెత్తకుండానే, నవ్వు పెదవి కింద దాచుకుని అంది:

"సెప్పయ్యా. పిల్ల అంత దూరం నుంచి ఒచ్చినాది కదా. నువ్వేనేటి లేపినావు? నాను కూడా ఇంటాను."

అమ్మన్న గోడ మీద మీసాలతో తన బొమ్మ ఊహించుకున్నాడు. చాలా బాగుంది. తర్వాత అరుగు మీద పెట్టె చూశాడు. పెట్టె మీద కనకం మడతపెట్టి ఉంచిన శాలువా, కిటికీ పక్కన కూర్చున్నప్పుడు చలేస్తుందని ఆమె తెచ్చుకునేది.

"పులిహోరకి చింతపండు నానెయ్యమంటావా, వద్దా?" అంది కనకం ఆకుల్లోకి చూస్తూ.

"నానెయ్యి" అన్నాడు అమ్మన్న వెంటనే. స్వాతి వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. "ఈడు సెప్పిందంతా అబద్ధం అమ్మా. నాను ఎవరినీ లేపలేదు. ఆ ఏళ నాను తొంగునే ఉన్నాను. అసలు ఆ ఊరే నానెరగను. సముద్రం ఎలగుంటాదో ఫొటోలో సూసినాను, అంతే. నా బతుకులో నానెవరి తలుపూ కొట్టనేదు."